రెండో కారు ఐడియా నాదే

నవ్వకండి. ముందు టీ తాగండి, తర్వాత నవ్వుదురుగాని. మా ఇంటి ముందు రెండు కార్లున్న మాట నిజం. ఒకటి పాత తెల్లది, ఒకటి కొత్త ఎర్రది. ఆ రెండోది ఉండి తీరాలని మొట్టమొదట అన్నది నేను, దానికోసం పోరాడింది నేను, ఎరుపు రంగు ఎంచిందీ నేనే. కాబట్టి గెలిచింది ఎవరు? నేనే. ఈ ముక్క మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

నా బాధ మీకు తెలియంది కాదు. నేను కళ్ళజోళ్ళ షాపు నడుపుతాను. నేను నడిపేది అదొక్కటే. కారు మా ఆవిడ నడుపుతుంది. పెళ్ళైన కొత్తలో నేనే నడిపేవాణ్ణి. ఒకరోజు గేటు తీసే ఉందనుకుని లోపలికి వచ్చేశాను. గేటూ నాతోపాటే లోపలికి వచ్చింది. ఆ రోజు తాళంచెవి మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది, మళ్ళీ నా కంటపడలేదు. ఆ దిగుల్లో నా లైసెన్సు గడువు కూడా తీరిపోయింది.

అప్పట్నుంచి నాది పక్క సీటు. పక్క సీటంటే ఊరికే కూర్చోవడం అనుకుంటున్నారేమో! ఇటువైపు ఎవరూ రావడం లేదని చెప్పాలి. వస్తే, ఎందుకు చెప్పలేదని చివాట్లు తినాలి. కారు వెనక్కి తీసేటప్పుడు దిగి, వెనక నిలబడి, "రా, రా, రా" అనాలి. నేను "చాలు" అన్నాక కూడా ఆవిడ ఇంకాస్త వస్తుంది. అప్పుడు గోడకి బల్లిలా అతుక్కోవాలి.

నాకున్నది ఒక్కటే కోరిక. నా జేబులో నాదంటూ ఓ తాళంచెవి గలగలలాడాలి. అద్దం కిందికి దించి, మోచెయ్యి బయటపెట్టి, మీ అందరి ముందునుంచీ నా అంతట నేను ఓసారి నడుపుకుంటూ వెళ్ళాలి. అది కూడా కోరికేనా అంటే నేనేం చెప్పను? పక్క సీట్లో ఇన్నేళ్ళు కూర్చున్నవాడికి తెలుస్తుంది.

ఓ ఆదివారం పొద్దున్న మా ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. బళ్ళో పిల్లలకి వ్యాకరణం చెబుతుందిలెండి. ఎర్ర కలం చేతిలో ఉన్నప్పుడు ఆవిడ జోలికి వెళ్ళకూడదని తెలిసి కూడా వెళ్ళాను.

"ఏమోయ్, ఒక ఇంటికి ఎన్ని కార్లుండాలంటావు?"

"ఇంటికెందుకండీ కారు? ఇల్లు ఎక్కడికీ వెళ్ళదుగా."

"అబ్బ, ఇంట్లో మనుషులకి!"

"ఇంట్లో డ్రైవర్లు ఎంతమందో కార్లు అన్ని. మనింట్లో డ్రైవర్ని నేనొక్కదాన్నే. కారు ఒకటే. లెక్క సరిపోయింది."

"మరి నేనో?"

"నడిపేది నేను, కర్తని. నడపడం క్రియ. ఇక మీరంటే..."

"కర్మా?"

"నేననలేదు, మీరే అన్నారు." పేపరు మీద టిక్కు పెట్టింది. అది నాకో, ఆ పిల్లాడికో అర్థం కాలేదు.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. మావయ్యగారు పోయాక ఆవిడ మా దగ్గరే ఉంటున్నారు. మెత్తటి మనిషి. మాట అంతకన్నా మెత్తన. కొత్త పళ్ళ సెట్టు పెట్టించుకున్నాక 'ప' అన్నా 'వ' అన్నా నాకు ఒకేలా వినిపించేవి.

ఆ మధ్య ఆవిడ షాపుకొచ్చి కొత్త కళ్ళజోడు కావాలన్నారు. "దూరంగా ఎర్రదీపం వెలిగిందో పచ్చదీపం వెలిగిందో స్పష్టంగా తెలియాలి నాయనా. పక్కలనుంచి ఎవరొస్తున్నారో కూడా కనబడాలి."

"టీవీ చూస్తుంటే పక్కలనుంచి ఎవరొస్తారత్తయ్యా?" అని నవ్వి, షాపులో ఉన్నవాటిల్లోకెల్లా మేలైన అద్దాలు బిగించి ఇచ్చాను. ఆవిడా నవ్వారు. నాకంటే కొంచెం ఎక్కువసేపే నవ్వారు.

సాయంత్రమయ్యేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ కారేసుకుని ఊరిచివర ఖాళీ మైదానానికి వెళ్ళేవాళ్ళు. ఎందుకని అడిగితే, "నడవడానికి నాయనా" అన్నారు అత్తగారు.

"నడవడానికి కారెందుకత్తయ్యా?"

"అదేం మాట? కారు లేకుండా ఎలా నడవడం?"

పాపం, పెద్దతనం అనుకున్నాను. మోకాళ్ళు జాగ్రత్త అని సలహా కూడా ఇచ్చాను.

సరే, నా పథకానికి వద్దాం. పాత కారు జబ్బుపడిందని తేలితే కొత్తది కొనక తప్పదు. కొత్తది మా ఆవిడ తీసుకుంటుంది. పాతది ఎవరికీ అక్కర్లేక, నాలాగే ఓ పక్కన పడుంటుంది. ఇద్దరం కలిసిపోతాం. దీనికి కావలసిందల్లా కారు కింద కాస్త నల్లటి నూనె. ఇంజనాయిలు కొందామంటే ఆ కబురు నాకంటే ముందు ఇంటికి చేరుతుంది. వంటింట్లోకి వెళ్ళి చూశాను. ముందురోజు అత్తగారు చేపలు వేయించిన నూనె మూకుట్లో ఉంది. మాడి, నల్లగా నిగనిగలాడుతోంది. నాకోసమే మాడినట్టుంది.

పొద్దున్నే దాన్ని తీసుకెళ్ళి ఇంజను కింద ఒంపేసి, గావుకేక పెట్టాను.

"ఏమోయ్! కారు కారుతోంది!"

మా ఆవిడ పళ్ళు తోముకుంటూ వచ్చింది. "కారక ఏం చేస్తుంది? దాని పేరే అది."

"వేళాకోళాలాడకు. ఇంజనాయిలు! ఇంజనుకి ఆయువు మూడింది!"

వంగి కారు కింద చూసింది. లేచి నా మొహం చూసింది. "మెకానిక్‌ని పిలవండి" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏనుగెక్కినంత సంబరం. ఆవిడ ఒక్క ఎదురు ప్రశ్న కూడా వెయ్యలేదంటే అనుమానించాలి కదా? ఆ తెలివే ఉంటే ఇంతదాకా ఎందుకు?

మా వీధి మెకానిక్‌ని అందరూ 'ఖాయం' అంటారు. ఏ బండి చూపించినా "మార్చడం ఖాయం" అంటాడు. ఓసారి టైరులో గాలి తగ్గిందని వెళ్తే, టైరుతోపాటు గాలి కూడా మార్చాలన్నాడు. ఇలాంటి పనికి అతన్ని మించినవాడు లేడు.

ఖాయం వచ్చేలోపు మాత్రం ఓ పిల్లి వచ్చింది. కారు కింద దూరి నాకడం మొదలుపెట్టింది. ఛీ ఛీ అన్నాను. అది వెళ్ళి చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చింది. వీధిలో ఇన్ని పిల్లులున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. బూడిదరంగువి, చారలవి, చెవి తెగినవి, అన్నీ మా కారు కింద పంక్తిభోజనానికి కూర్చున్నాయి.

"ఇంజనాయిలంటే పిల్లులకి ఇంత ఇష్టమని తెలియదే" అంది మా ఆవిడ, కాఫీ తాగుతూ.

"ఇంజనులో ఇనుము అందులో దిగుతుంది కదోయ్, ఒంటికి బలం" అన్నాను.

ఖాయం వచ్చి కారు కింద దూరాడు. పిల్లులకి అది నచ్చలేదు. లోపలినుంచి మొదట బుస్సుమన్న చప్పుడు, తర్వాత "సార్!" అన్న చప్పుడు. ఎదురింటి కుక్కకి ఈ గోల వినిపించి, గొలుసు తెంపుకుని వచ్చి అదీ దూరింది. కారు ఉలిక్కిపడి హారను మొదలుపెట్టింది. తాళంచెవి ఎక్కడుందో మా ఆవిడకే తెలుసు, ఆవిడేమో కాఫీ పూర్తిచేస్తోంది. వీధంతా గేట్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఖాయం కాళ్ళు పట్టుకుని నేను బయటికి లాగుతుంటే, అవతలినుంచి కుక్క అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగుతోంది. చొక్కా దానికి వదిలేశాం.

ఖాయం బనీనుతో లేచి నిలబడి, వేలికంటిన నూనెని వెలుతురులో పెట్టి చూశాడు. "ఇంజను పోయింది సార్. మార్చడం ఖాయం."

అతన్ని కౌగిలించుకోవాలనిపించింది. సరిగ్గా అప్పుడు అత్తగారు వచ్చారు. కొత్త కళ్ళజోడు సవరించుకుని, దూరంనుంచే కారు కింద చూశారు.

"అందులో మిరియపు గింజ కనబడుతోంది నాయనా."

హారను కూడా అప్పుడే ఆగడంతో వీధంతా విన్నది. ఎంత మంచి అద్దాలు వేశానో అప్పుడు తెలిసింది. నా పనితనమే నా కొంప ముంచింది.

"ఇంజనుకి చేపలు ఎప్పట్నుంచి వేయించి పెడుతున్నారండీ?" అంది మా ఆవిడ.

ఖాయం కాసేపు ఆలోచించి, "మూకుడు మార్చడం ఖాయం" అని వెళ్ళిపోయాడు.

లోపలికెళ్ళాక దులిపేస్తుందనుకున్నాను. దులపలేదు. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అంది, "అంత మనసు పడ్డవారు నూనె ఒంపడం దేనికి? నా లెక్క నాదే. డ్రైవర్లు ఎంతమందో కార్లు అన్ని. ఇంకో లైసెన్సు ఈ ఇంట్లోకి రానివ్వండి, ఇంకో కారు కొందాం. మొదట లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళదే ఆ కారు. తాళంచెవి వాళ్ళ చేతికే ఇస్తాను, అడ్డు రాను."

"ఒట్టు?"

"ఒట్టు."

"నేను సాక్షిని" అన్నారు అత్తగారు.

పిచ్చి మాలోకం, అనుకున్నాను మా ఆవిడ గురించి. ఆవిడకి లైసెన్సు ఉంది. అత్తగారు కుట్టుమిషను తప్ప ఇంకో యంత్రం ముట్టుకోగా చూడలేదు. ఇక మిగిలింది ఎవరు? ఆ ఉత్సాహంలో అందరినీ షోరూముకి కూడా తీసుకెళ్ళాను. ఎర్రది బావుందన్నాను. అత్తగారు కూడా ఎరుపే బావుందన్నారు. "సీటు పైకి లేస్తుందో లేదో అడుగు నాయనా" అన్నారు. నేనేమన్నా పొట్టివాణ్ణా అని లోపల అనుకుని, పెద్దావిడ ముచ్చట కదా అని అడిగాను. లేస్తుందన్నారు.

పరీక్ష రోజు మా ఆవిడే కారులో దింపింది. తోడుగా అత్తగారూ వచ్చారు. పరీక్ష పెట్టే అధికారిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ముక్కుమీదున్నది మా షాపు జోడే! పక్కన కూర్చోగానే నేనెవరో గుర్తుచేశాను. ఆయన సంతోషించాడు. ముందుకి నడిపాను, బావుందన్నాడు. మలుపు తిప్పాను, బావుందన్నాడు. తర్వాత, "ఇప్పుడు వెనక్కి తియ్యండి" అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఆ మాట వినగానే నేను చేసేది ఒక్కటే. ఆలోచించే పనే లేకుండా నా చెయ్యి తలుపు తీసింది, నా కాళ్ళు దిగాయి. వెళ్ళి కారు వెనక నిలబడి, "రా, రా, రా" అన్నాను.

స్టీరింగు దగ్గర ఎవరూ లేరన్న సంగతి, వాలు నేలమీద కారు దొర్లుకుంటూ నాదాకా వచ్చాక తట్టింది. "చాలు, చాలు" అన్నాను. ఆగలేదు. మా కారుకి ఆ అలవాటు ఎప్పుడూ లేదు. నేను పక్కకి దూకాను. రెండు గుర్తుకర్రలు విరిచి, చెత్తడబ్బాని తోసుకుంటూ వెళ్ళి కారు గోడకి ఆనుకుంది. లోపల అధికారి రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని ఉన్నాడు.

"కర్రలు పడ్డట్టు కనబడలేదు కదండీ?" అన్నాను, నెమ్మదిగా.

"బ్రహ్మాండంగా కనబడ్డాయి. మీరిచ్చిన జోడేగా" అన్నాడాయన.

పోతే పోయింది, మళ్ళీ రావచ్చనుకున్నాను. అప్పుడే గుమాస్తా, "తర్వాత పెద్దావిడ, రండమ్మా" అని పిలిచాడు. మా అత్తగారు లేచారు. చెంగు బొడ్లో దోపి, కళ్ళజోడు తుడుచుకుని, స్టీరింగు ముందు కూర్చుని, సీటు పైకి లేపుకున్నారు.

ఏం చెప్పమంటారు! వెన్నలో కత్తి దిగినట్టు వెళ్ళారు. మలుపు ఒంటిచేత్తో తిప్పారు. వెనక్కి తియ్యమంటే, నేను విరగ్గొట్టగా కొత్తగా పాతిన కర్రల మధ్యలోకి ఇంట్లో కుర్చీ జరిపినంత సుళువుగా తెచ్చి ఆపారు. వెనక ఎవరూ "రా, రా" అనలేదు. అధికారి దిగి ఆవిడకి నమస్కారం పెట్టాడు. మా ఆవిడ ఆనందం పట్టలేక ఈల వేసింది. ఆవిడకి ఈల వెయ్యడం వచ్చని ఆ రోజే తెలిసింది.

"నడవడానికి వెళ్తున్నానన్నారు కదత్తయ్యా!" అన్నాను.

"నడపడానికి అన్నాను నాయనా. నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు."

"ఒక్క అక్షరమేనండీ" అంది మా ఆవిడ. "అందుకే పిల్లలకి చెబుతుంటాను, శ్రద్ధగా వినమని."

అత్తగారు నా పక్కన బల్లమీద కూర్చున్నారు. "పెళ్ళైన కొత్తలో మీ మావయ్యగారిని అడిగాను, నేర్పమని. నేనుండగా నీకెందుకన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ పక్క సీట్లోనే కూర్చున్నాను. ఒక్కసారి తాళంచెవి నా చేతిలో ఉంటే ఎలా ఉంటుందో చూడాలని ఉండేది నాయనా. ఎవరికి చెబితే అర్థమవుతుంది?"

నాకు అర్థమైంది. ఈ ప్రపంచంలో ఆ మాట నాకంటే బాగా ఎవరికర్థమవుతుంది? కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఎర్రకారు వచ్చిన రోజు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టింది నేనే. ఆవిడ దాన్ని గలగలలాడించి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. నాక్కూడా ఓసారి వినిపించారు.

ఇప్పుడు పొద్దున్నే తెల్లకారు బడికి వెళ్తుంది. ఎర్రకారు ఇంకెక్కడికో వెళ్తుంది, ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేదు. అత్తగారు మొన్న మైదానంలో నాకు పాఠాలు కూడా మొదలుపెట్టారు. వెనక్కి తియ్యమన్నప్పుడు నేను దిగిపోకుండా తలుపుకి తాళం వేస్తున్నారు. మా ఆవిడ లెక్క ప్రకారం, నేను పాసైతే మూడో కారు. చూస్తూ ఉండండి.

ఏంటీ? ఇవాళ ఇక్కడికి నడుపుకుంటూ వచ్చానా అంటారా? నడుచుకుంటూ. తేడా ఎంతండీ, ఒక్క అక్షరం.

అదిగో హారను. ఎర్రది, చూశారా? అద్దం కిందికి దించి, మోచెయ్యి ఎలా బయటపెట్టారో చూడండి మా అత్తగారు! అచ్చం నేననుకున్నట్టే.

"ఎక్కు నాయనా, ఇంటికే వెళ్తున్నా. వెనక ఎక్కు. ముందు సీట్లో పిల్లి పడుకుంది."

వస్తున్నానత్తయ్యా! ఆ పిల్లి ఆ రోజు నూనె తాగినదేలెండి, అప్పట్నుంచి మా ఇల్లు వదల్లేదు. సరే, నే వస్తా. టీ డబ్బులు మీరివ్వండి. గెలిచినవాణ్ణి నేను.