మంత్రిగారి ముఖానికి బ్యాకప్

రాష్ట్రంలో ఇకమీదట ఏ ఫైలూ పోదని దస్త్రాల పరిరక్షణ శాఖ మంత్రి శ్రీ హేమంత్‌కుమార్ గారు ప్రమాణ స్వీకారం చేసిన పావుగంటకే ప్రకటించారు. ఇదివరకు పోయినవి కూడా వెతికి తెప్పిస్తామన్నారు. ఆ శాఖ అంతకు ముందురోజు వరకూ లేదు. పుట్టిన పావుగంటకే ఇంత మాట చెప్పిన శాఖను మన జిల్లా ఎన్నడూ చూసి ఎరగదు.

ఆ ప్రకటన టీవీలో వస్తుండగానే తాడేపల్లిగూడెంలో ఒక ఫైలు పోయింది.

పోవడం కూడా భక్తిశ్రద్ధలతోనే పోయింది. మంత్రిగారి పీఏ ఉదయ్ పూలదండ, కొబ్బరికాయ పట్టుకుని ఫణికిరణ్ ఫ్లెక్సీ షాపుకి వచ్చాడు. మంత్రిగారి ఎదుగుదలలో ఈ కంప్యూటర్ వాటా చాలా ఉందని చెప్పి, సీపీయూకి పసుపు రాసి బొట్టు పెట్టి, దాని అంచు మీదే కాయ కొట్టాడు. మంచి కాయ. నీళ్ళు బోలెడున్నాయి. అవన్నీ పైనున్న చిల్లుల్లోంచి లోపలికి వెళ్ళాయి. సీపీయూ ఒక్కసారి టప్పుమని ఊరుకుంది.

అందులో ఉన్నది మంత్రిగారి ముఖం. ఏడేళ్ళ కిందట తొలి ఎన్నికలకి ఫణికిరణ్ పదకొండు రోజులు కూర్చుని దాన్ని తయారుచేశాడు. జుట్టు రెండు వేళ్ళు ముందుకు జరిపాడు, గడ్డం కింద ఉన్నదాన్ని తీసేశాడు, చూపులో కాస్త కరుణ కలిపాడు. నియోజకవర్గం అప్పట్నుంచీ ఆ ముఖానికే ఓటేస్తోంది. మంత్రిగారు స్వయంగా ఊళ్ళోకి వస్తే జనం ఆయన భుజం మీంచి వెనక్కి చూసి, "ఏవండీ, ఎమ్మెల్యేగారు రాలేదాండి?" అని అడిగేవారు.

"బ్యాకప్ ఉందాండి?" అన్నాడు ఉదయ్.

"ఉందండి. సి డ్రైవులో ఒకటి, డి డ్రైవులో ఒకటి."

"మరింకేమండీ!"

"రెండూ ఒకే డిస్కండి."

"పెన్‌డ్రైవు?"

"దానికే గుచ్చి ఉందండి. అదీ తడిసిందండి."

నాలుగు రోజుల్లో గణపవరంలో మంత్రిగారి సభ. బ్యాకప్ పక్షోత్సవాలు అక్కడే ప్రారంభం. ముఖం లేకుండా మంత్రిగారు రావడం కుదరదు.

ఇద్దరూ సీపీయూని ఏలూరు తీసుకెళ్ళారు. అక్కడ క్రీస్తుదాసు అని, పోయిన డిస్కులకి ప్రాణం పోసే ఆయన ఉన్నాడు. మూత విప్పగానే గుప్పెడు బియ్యం రాలింది. దారిలో తేమ పీల్చాలని ఉదయ్ పోయించాడు.

"ఇరవై రోజులు పడుతుందండి," అన్నాడు క్రీస్తుదాసు, మెత్తగానే. "అప్పుడైనా మాటివ్వలేను. తడిసింది ఆన్ చెయ్యకూడదండి. మీరు ఎన్నిసార్లు చేశారు?"

"పదిహేను సార్లే," అన్నాడు ఉదయ్.

"ఇకనైనా అలవాటు చేసుకోండి. ఏ డిజైనైనా మూడు కాపీలుండాలి. రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒక్కటైనా వేరే ఊళ్ళో ఉండాలి."

ఉదయ్ ఆ మాటలు రాసుకుని అక్కణ్ణుంచే ఫోన్లో పంపాడు. సాయంత్రానికల్లా అవి మంత్రిగారి త్రిసూత్ర విధానం అయ్యాయి. అర్ధగంట ఆలోచించి రూపొందించానని మంత్రిగారు చెప్పారు.

వేరే ఊరు అన్న మాట వినగానే ఫణికిరణ్‌కి ఒకటి గుర్తొచ్చింది. వేరే ఊళ్ళో ఒకటుంది. గణపవరంలో, అతని మేనత్త శేషారత్నం ధాన్యం రాశి మీద ఉంది. రెండో పంట దాళ్వా కోత అయి, గోనె సంచులు రాక, తేమ ఎక్కువుందని మిల్లువాళ్ళు పట్టుకెళ్ళక, రెండెకరాల పంట రోడ్డు వార ఉంది. రాశి కప్పుకోడానికి అప్లికేషను పెట్టిన టార్పాలిన్ బరకాలు రాలేదు. "ఒరేయ్ ఫణీ, మబ్బేస్తోందిరా, కప్పడానికి ఏదైనా పంపరా," అని అత్త ఫోన్ చేస్తే, ఏ గుంజకీ కట్టని ఇరవై అడుగుల ఫ్లెక్సీ ఒకటి పంపాడు. మనిషి మొహం ఎండకీ వానకీ వదిలెయ్యకూడదని ఆవిడ బొమ్మ లోపలికి పెట్టి కప్పింది. కనక ముఖం కొత్తదానిలాగే ఉండి ఉంటుంది.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అత్త, చదివించింది ఆ రెండెకరాలు. ఈ రాశి తడిస్తే ఆవిడకి ఏడాదంతా తిండి లేదు. ఫణికిరణ్ ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు.

వాట్సాప్‌లో దొరికిన బొమ్మని నలభై అడుగులకి సాగదీస్తే మంత్రిగారు కొల్లేటి మంచులో దారి తప్పినట్టున్నారు. పోనీ కొత్తగా ఫొటో తీద్దామని తీయించి పంపారు. మంత్రిగారు దాన్ని చాలాసేపు చూసి, "ఎవరండీ ఈయన?" అన్నారు.

దాంతో పాత ఫ్లెక్సీల కోసం పునరుద్ధరణ బృందాలు బయల్దేరాయి. కొల్లేటి చేపల చెరువుల గట్ల మీద ప్రతి కాపలా పాకకీ మంత్రిగారే గోడ. ఒకచోట ఎడమ కన్ను ఉండాల్సిన చోట కిటికీ ఉంది. ఒకచోట చెవుల వరకూ బాగానే ఉంది గాని గడ్డం బాతులు పీకేశాయి. ముదినేపల్లి నుంచి మీసం ఒకటి క్షేమంగా వచ్చింది. రెండో రోజు సాయంత్రానికి ముక్కు తప్ప మంత్రిగారు పూర్తిగా దొరికారని నివేదిక తయారైంది. ముక్కు దగ్గరే అందరూ తాడు కోసం చిల్లు పెట్టారు మరి.

"ముక్కు నేను గీసేస్తానండి," అన్నాడు ఫణికిరణ్ ఆశగా.

"ప్రభుత్వంలో ఊహలకి తావులేదండి," అన్నాడు ఉదయ్.

మర్నాడు ఉదయ్, ఫణికిరణ్ సభాస్థలం చూడ్డానికి గణపవరం వెళ్తుంటే, రోడ్డుకి సగం వరకూ ధాన్యం ఉండడంతో కారు ఆగింది. ఉదయ్ దిగి, దగ్గర్లో ఉన్న తెల్లటి ఫ్లెక్సీ అంచు ఊరికే ఎత్తి చూశాడు. కింద ముక్కుంది. రెండు పక్కలా కళ్ళు కూడా ఉన్నాయి. ఉదయ్ చెప్పులు విడిచి నమస్కారం పెట్టాడు.

రాశి పక్కన కుర్చీ వేసుక్కూర్చున్న శేషారత్నం లేచొచ్చింది. "ఏవండీ, ఏం చూస్తున్నారండీ?"

"మీరు అదృష్టవంతులండీ. ఇది ఫ్లెక్సీ కాదు, ప్రభుత్వ దస్త్రం. దీన్ని పరిరక్షించాలండి."

"అది నా ధాన్యాన్ని పరిరక్షిస్తోందండి. కొల్లేటి వైపు చూడండి ఎలా నల్లబడిందో. ఒక బరకం ఇచ్చి దీన్ని పట్టుకెళ్ళండి."

"బరకం వ్యవసాయ శాఖ ఇవ్వాలండి. మాది వేరే శాఖ."

"వాన ఏ శాఖండీ?"

ఉదయ్ ఆ ప్రశ్న కూడా రాసుకున్నాడు. ఆవిడ కారు వైపు చూసింది. "ఒరేయ్ ఫణీ, నువ్వా! నువ్వైనా చెప్పరా."

ఫణికిరణ్ నోరు తెరిచాడు. ఉదయ్ నెమ్మదిగా అతనివైపు తిరిగాడు. "ఇది ఇక్కడుందని మీకు ముందే తెలుసాండి?"

ఫణికిరణ్ నోరు మూసుకున్నాడు. షాపులో ముప్పావు వంతు పని పార్టీదే. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు గాని, నలిగింది మాత్రం తను కాదని అతనికి తెలుసు. తలెత్తి అత్త మొహం చూడలేకపోయాడు. సిగ్గుపడ్డాడు, అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

"దిగులు పడకండమ్మా," అన్నాడు ఉదయ్ ఫ్లెక్సీ చుట్టిస్తూ. "రేపు సభలో మీకు రావాల్సింది మంత్రిగారు స్వహస్తాలతో ఇస్తారండి."

ఆ రాత్రి వాన ఎటో పోయింది. రాశి మీద పాత చీరలు, దుప్పట్లు, ఎరువు సంచులు పరిచి శేషారత్నం వాటి అంచున ఇటుకలు పెట్టుకుంది. ఫ్లెక్సీని పదహారు ముక్కలుగా ఫొటోలు తీసి, మంత్రిగారి ముఖాన్ని ఫణికిరణ్ మళ్ళీ అతికించాడు. ఒరిజినల్‌ని త్రిసూత్రాల ప్రకారం వేరే ఊళ్ళో భద్రపరచడానికి సీలు వేసి సచివాలయానికి పంపేశారు.

సభ దివ్యంగా జరిగింది. వేదిక వెనక నలభై అడుగుల ముఖం నిలబడింది. దాని కింద దాని యజమాని కుర్చీలో చిన్నగా కనిపించారు. గుంజలకి తాళ్ళు కట్టింది ఫణికిరణే. మబ్బు బాగా కిందికి దిగింది. రోడ్డు మీద రాశులు వదిలి లారీల్లో వచ్చిన రైతులంతా మంత్రిగారిని కాక ఆకాశాన్నే చూస్తున్నారు. ప్రజలు ఉన్నతంగా ఆలోచిస్తున్నారని మంత్రిగారు మెచ్చుకున్నారు.

అప్పుడు శేషారత్నాన్ని వేదిక మీదికి పిలిచారు. రాష్ట్రపు తొలి దస్త్ర రక్షకురాలు అన్నారు, శాలువా కప్పారు. మంత్రిగారు స్వహస్తాలతో ఒక పెట్టె ఇచ్చారు. బరకం మడత పెడితే ఇంత చిన్నది అవుతుందా అన్నట్టు ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి తెరిచింది. లోపల పెన్‌డ్రైవ్ ఉంది.

"మీ ఫ్లెక్సీ ఇందులో శాశ్వతంగా ఉందమ్మా," అన్నారు మంత్రిగారు మైకులో. "ఇక ఎంత వానొచ్చినా దానికి చుక్క అంటదు."

చప్పట్లు మోగాయి. శేషారత్నం మైకు దగ్గరికి జరిగింది.

"చాలా సంతోషమండీ. ఇది రాశి మీద ఎలా కప్పాలండీ?"

మంత్రిగారు ఉదయ్‌ని చూశారు. ఇది సాంకేతికమైన ప్రశ్న అనీ, శాఖ లిఖితపూర్వకంగా జవాబిస్తుందనీ ఉదయ్ ప్రకటించాడు. అప్పుడే మైకు మీద మొదటి చినుకు పడి టక్కుమంది.

ఆవిడ పెన్‌డ్రైవుని పెట్టెతో సహా మంత్రిగారి కుర్చీలో పెట్టి, అందరికీ దణ్ణం పెట్టి, మెట్లు దిగింది. ఇంటివైపు వెళ్తుందనుకున్నారు. ఆవిడ వేదిక వెనక్కి వెళ్ళి, కుడివైపు గుంజ దగ్గర కొంగు బిగించి, తాడు ముడి మీద చెయ్యేసింది.

వేదిక మీద మంత్రిగారు రెండో సూత్రానికి వచ్చారు. "పట్టుకోండి, పట్టుకోండి!" అని ఉదయ్ అరుస్తున్నాడు. ఎవర్ని పట్టుకోవాలో చెప్పలేదు. ఆ నియోజకవర్గంలో మంత్రిగారి ముఖం మీద చెయ్యి వేసినవాడికి మళ్ళీ ఏ పార్టీ పనీ దొరకదని ఫణికిరణ్‌కి బాగా తెలుసు. ఒక్క క్షణం అత్త వైపు చూశాడు. తర్వాత ఎడమవైపు గుంజ దగ్గరికి పరుగెత్తాడు. తను వేసిన ముడే గనక తొందరగానే ఊడింది.