నిదానానికి టర్బో

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, నవ్వితే నవ్వండి గానీ మా బావమరిది చెవిన మాత్రం వేయకండి. వాడికి ఈ కథ సగమే తెలుసు. ఆ సగంలో నేనే హీరోని.

మా చిన్న కారు మీకందరికీ తెలిసిందే. పెళ్ళికి నెల ముందు కొన్నాను. అప్పటికే ఇద్దరి చేతులు మారి వచ్చింది. చెంచాడు పెట్రోలు పోస్తే ఊరంతా తిప్పుకొచ్చేది, కాకపోతే ఎప్పటికి తీసుకొస్తుందో మాత్రం చెప్పేది కాదు. మా అత్తగారు దానికి 'నిదానం' అని పేరు పెట్టారు. ఆవిడ ఉద్దేశం వెక్కిరింపే. నిదానమే ప్రధానమన్నారు కదా అని నేను సర్దిచెప్పుకున్నాను.

అత్తగారి ఇల్లు మెట్ట మీద. కింద నుంచి మూడు మలుపులు ఎక్కాలి. పెళ్ళయిన మొదటి ఆదివారం, రెండో మలుపులో నిదానం ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. ఆగింది ఆగినట్టు ఉండకుండా వెనక్కి జారడం మొదలుపెట్టింది. నేను రెండు కాళ్ళతో బ్రేకు తొక్కుతూ దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తున్నాను. ఈలోగా కొత్త పెళ్ళికూతురు ఒక్క దూకు దూకి, రోడ్డు పక్కనున్న నల్లరాయి ఒకటి తెచ్చి వెనక చక్రం కింద పెట్టింది. దేవుళ్ళకి ఆ శ్రమ తప్పింది.

ఆ రాయి ఆ రోజే డిక్కీలోకి చేరింది. ఇక ప్రతి ఆదివారం ఇదే వరస. బండి ఆగడం, మా ఆవిడ దూకడం, రాయి పెట్టడం, ఇంజను చల్లారేదాకా ఇద్దరం పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం. మా ప్రేమ నడిచిందంతా ఆ మలుపులోనే, బండి నడవలేదు కాబట్టి.

అత్తగారు పై నుంచి కిటికీలో చూస్తూ ఉండేవారు. "మా అమ్మాయిని మీకు రాళ్ళు మోయడానికిచ్చామా అల్లుడుగారూ?" అని దెప్పేవారు. దెప్పుతూనే టీకి నీళ్ళు పెట్టేవారు. బండి రెండో మలుపులో ఆగినప్పుడు పొయ్యి వెలిగిస్తే, మేం గుమ్మం ఎక్కేసరికి టీ మరిగి ఉండేది. అది ఆవిడ గడియారం.

అలా ఇరవై నాలుగేళ్ళు గడిచాయి. నిదానం ఇంకా నిదానించింది. మా ఆవిడకి మోకాలి నొప్పి వచ్చింది. మొన్నొక ఆదివారం బండి ఆగగానే ఆవిడ అలవాటు కొద్దీ దూకబోయి, ఒక కాలు బయట పెట్టి "అమ్మా!" అని అక్కడే కూలబడింది. రాయి డిక్కీలోనే ఉండిపోయింది. నిదానం వెనక్కి జారి, మలుపులో ఉండే రిటైర్డు జడ్జిగారి పూలకుండీలు మూడింటిని పొట్టన పెట్టుకుంది. జడ్జిగారు పెద్దమనసుతో క్షమించారు, తీర్పు మాత్రం రిజర్వు చేశారు.

మా బావమరిదికి అంత ఓపిక లేదు. వాడి ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. పైకెక్కని వస్తువంటే వాడికి పుట్టుకతోనే పడదు.

"బావా, మా శాఖలో అయితే దీనికి 'వాడరాదు' అని బోర్డు తగిలించేస్తాం," అన్నాడు. "నెల టైమిస్తున్నా. నాలుగో ఆదివారం నలుగురితో ఎక్కడా ఆగకుండా మా గేటు దాకా రావాలి. రాలేదా, సోమవారం పొద్దున్నే పాత ఇనుము కొట్టతన్ని పంపిస్తా."

దిక్కుతోచక మా ఆవిడ వైపు చూశాను.

"వాడన్నదాంట్లో తప్పేముంది?" అంది ఆవిడ, మోకాలు రుద్దుకుంటూ.

నాకు గుండెలో కలుక్కుమంది. పూలకుండీలు పోయినప్పుడు కూడా అంత బాధ కలగలేదు. మా కాపురమంతా తిరిగిన బండిని ఇంత తేలిగ్గా వదిలేస్తుందా ఈవిడ? చూపిస్తాను అనుకున్నాను.

నాది కళ్ళద్దాల దుకాణమని మీకు తెలుసు. ఊళ్ళో సగం మంది చూపు నా చేతుల మీదుగానే బాగుపడింది. పొద్దస్తమానం అద్దాల ఫ్రేములకు ఆవగింజంత మరలు బిగిస్తాను కదా, మర ఎక్కడైనా మరే అన్న ధైర్యంతో టర్బో బిగించాలని తీర్మానించాను. ప్రమాదంలో పోయిన ఒక పెద్ద వ్యానులోంచి తీసిన టర్బో పాత సామాన్ల సంతలో దొరికింది. తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను.

మా ఆవిడ దాని చుట్టూ తిరిగి చూసింది. "ఏమిటిది, అచ్చం నత్తలా ఉంది?"

"టర్బో. బండి వేగానికి."

"వేగానికి నత్తను తెచ్చారా?"

"ఆకారం చూసి నవ్వకు. ఇంజను వదిలేసే పొగతో ఇందులో చక్రం తిరుగుతుంది. ఆ చక్రం బయటి గాలిని లాగి ఇంజనులోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ."

"గాలితోనే మెట్ట ఎక్కేటట్టయితే, మీరు ముందు సీట్లో కూర్చుని కబుర్లు చెబితే చాలుగా. ఈ ఇనుమెందుకు?"

గొప్ప ప్రయత్నాలన్నీ మొదట్లో ఇంటివాళ్ళ చేత మాట పడ్డవే.

సహాయానికి పక్కింటి కొలతల మాస్టారిని పిలిచాను. ఆయన సాంకేతిక పాఠశాలలో లేత్ పని నేర్పి రిటైరయ్యారు. ప్రతిదీ వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తారు. కొలిచాక మళ్ళీ కొలుస్తారు. మొదటి వారమంతా కొలతలతోనే సరిపోయింది. రెండో వారం ఆయన కళ్ళుగప్పి నేనే రెండు బోల్టులు బిగించాను.

పని చేసే పద్ధతి మాత్రం ఎప్పటిదే. ఇరవై నాలుగేళ్ళుగా మా షెడ్డులో రిపేరంటే నేను బండి కింద, మా ఆవిడ టార్చి పట్టుకుని పైన.

"అటు కాదు, ఇటు వెయ్యి!"

"ఎటు?"

"నేను చూసేవైపు!"

"మీరు చూసేవైపు అసలు బోల్టే లేదండీ. మీ చెవి పక్కనుంది."

విప్పిన పాత సామాను ఏదీ నేను పారేయను. "ఎందుకైనా మంచిది" అని డిక్కీలో పడేస్తాను. ఏనాడో మార్చిన గేరుబాక్సు, చచ్చిపోయిన బ్యాటరీలు రెండు, ఒక జాకీ, అది పనిచేయకపోతే ఇంకో జాకీ, డబ్బాల కొద్దీ నట్లు. ఈసారి విప్పిన పొగగొట్టం ముక్క, గాలి ఫిల్టరు డబ్బా కూడా అందులోకే వెళ్ళాయి. డిక్కీ మూత మీద కూర్చుంటే గానీ తాళం పడలేదు.

టర్బో నుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్ళే గొట్టం ఎక్కడా సరైన సైజులో దొరకలేదు. మాస్టారు ఇల్లంతా కొలుచుకుంటూ తిరిగి, వాషింగ్ మెషీను దగ్గర ఆగి, "అతికినట్టు సరిపోతుంది" అన్నారు. నీళ్ళు బయటికి పంపే గొట్టం ఊడబీకాను.

మా ఆవిడ అరవలేదు. బకెట్టు, సబ్బు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాది బట్టలు నేనే ఉతికాను. పగలు సబ్బు, సాయంత్రం గ్రీజు. దుకాణంలో ఒకావిడ అద్దాలు పెట్టుకుని అంతా మసగ్గా ఉందంటే, రెండుసార్లు పవరు పెంచాను. మూడోసారి చూస్తే అద్దం మీద నా బొటనవేలి ముద్రుంది.

మొదటిసారి స్టార్టు చేసిన రోజు చెప్పాలి. నత్త తిరగడం మొదలై సన్నగా ఈల వేసింది. నేను పొంగిపోయి ఇంకాస్త తొక్కాను. ఈల వీధి చివరిదాకా వినిపించింది. ఎదురింటావిడ తన కుక్కరే అనుకుని మూడు ఈలలు లెక్కపెట్టి పొయ్యి కట్టేసింది, ఆ పూట వాళ్ళింట్లో అందరూ పలుకుల అన్నం తిన్నారు. అంతలో ఫట్టుమని గొట్టం ఊడి షెడ్డులో బల్బు పగలగొట్టింది. ఎక్కడో బిగింపు వదిలి మసంతా మాస్టారి తెల్ల చొక్కా మీద పడింది. ఆయన స్కేలు తీసి మరకను అడ్డంగా, నిలువుగా కొలుచుకున్నారు.

"మెట్ట మధ్యలో ఊడితే?" అంది మా ఆవిడ.

"ఊడదు. ఇంకో రెండు క్లిప్పులు బిగిస్తాగా."

ఆవిడ గొట్టం వంక చూసింది, తన మోకాలి వంక చూసుకుంది. అక్కడే నాకు అనుమానం రావలసింది.

శనివారం సాయంత్రం క్లిప్పులు బిగించి, గెలిచినవాడు బాగా కనబడాలి కదా అని క్షవరానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మాస్టారు, మా ఆవిడ షెడ్డు ముందు టీ తాగుతున్నారు. ఇద్దరి చేతులూ నల్లగా ఉన్నాయి. "బండి తుడిచాం" అన్నారు. ఎంత మంచివాళ్ళో అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే తీగ నిండా బట్టలు ఆరుతున్నాయి. నన్నెవరూ ఉతకమనలేదు. పండగే అనుకున్నాను తప్ప ఎలా ఉతికారని అడగలేదు.

బావమరిది తనిఖీకి మెట్ట దిగి వచ్చాడు. మాస్టారు, వాడు వెనక కూర్చున్నారు. నేను, మా ఆవిడ ముందు. మొదటి మలుపు వచ్చింది, నత్త ఈల వేసింది. నిదానం ఆగలేదు! రెండో మలుపు. జడ్జిగారు కొత్త కుండీలకు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఆయన్ని దాటేశాం! డిక్కీలో ఏదో దడదడమని దొర్లుతుంటే, అదే టర్బో బలమనుకుని గర్వపడ్డాను. మూడో మలుపు కూడా తిరిగి గేటు ముందు ఆగేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అత్తగారు కంగారుగా బయటికొచ్చారు. "అప్పుడే వచ్చేశారా? నేనింకా నీళ్ళైనా పెట్టలేదు!"

ఆ మాటకు నాకెందుకో కాస్త వెలితిగా అనిపించింది. కానీ బావమరిది నా చెయ్యి పట్టి ఊపేస్తున్నాడు. "ఒప్పుకున్నా బావా! ఏదీ, ఆ అద్భుతం చూపించు."

ఠీవిగా బానెట్ ఎత్తాను.

గొట్టం లేదు. దాని స్థానంలో నేను విప్పి డిక్కీలో పడేసిన పాత గాలి ఫిల్టరు డబ్బా బుద్ధిగా కూర్చుని ఉంది. నత్త ఒక పక్కన ఒంటరిగా ఉంది, పొగగొట్టంతో తప్ప దేనితోనూ సంబంధం లేకుండా. మాస్టారు దగ్గారు. మా ఆవిడ ఆకాశంలో పక్షుల్ని చూస్తోంది.

"బ్రహ్మాండం బావా!" అన్నాడు లిఫ్టులు తప్ప మరేమీ తెలియని నా బావమరిది. నేను మెల్లగా బానెట్ మూసేశాను.

తిరిగి వచ్చేటప్పుడు, వాలు ఎన్ని డిగ్రీలుందో కొలవాలంటూ మాస్టారు నడిచి దిగారు. బండిలో మేమిద్దరమే. రెండో మలుపులో ఆపాను. అక్కడ నా అంతట నేను బండి ఆపడం అదే మొదటిసారి.

"గొట్టం ఏది?"

"నా మెషీను గొట్టమా? దాని ఇంటికి అది వెళ్ళింది. పొద్దున బట్టలు చూడలేదూ?"

చూశాను. ఊరందరి చూపూ పరీక్షించేవాణ్ణి, కళ్ళెదుట తీగ మీద ఆరుతున్న నా చొక్కాలు చూసి కూడా గ్రహించలేకపోయాను.

"మరి ఆ ఈల?"

"అది ఊరికే తిరుగుతోంది. పనేమీ చెయ్యదు, చప్పుడు మాత్రం చేస్తుంది. అలాంటివాళ్ళతో కాపురం నాకు అలవాటే."

"ఎవరు విప్పారు? మాస్టారేనా?"

"ఆయన విప్పితే వచ్చే ఆదివారానికయ్యేది. నేనే విప్పాను. ఇరవై నాలుగేళ్ళు టార్చి పట్టుకున్నదాన్ని, ఆ మాత్రం రాదూ?"

"టర్బో లేకుండా ఎలా ఎక్కిందే మరి?"

"దిగి డిక్కీ తియ్యండి."

తీశాను. ఖాళీ. గేరుబాక్సు లేదు, బ్యాటరీలు లేవు, జాకీలు లేవు. మధ్యలో ఆ నల్లరాయి ఒక్కటే ఉంది.

"నూట ముప్ఫై ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు," అంది. "మాస్టారు తూచారు. ఇన్నేళ్ళూ మనతోపాటు కనపడని మనుషులిద్దర్ని ఎక్కించుకుని తిరుగుతున్నాం. మనం కొనకముందు నుంచీ ఫిల్టరులో పేరుకున్న దుమ్ము కూడా దులిపాక, ఇంజనుకి ఊపిరాడింది. రేపు ఇనుము కొట్టతన్ని నేనే రమ్మన్నాను, ఉత్తచేతులతో పంపడమెందుకని మూట కట్టి ఉంచాను."

"నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఒక్క నట్టయినా దింపనిచ్చేవారా?"

"బండి పోతే పోనీ అన్నట్టు మాట్లాడావు ఆ రోజు."

"వాడన్నదాంట్లో తప్పు లేదన్నాను. బండి పోవాలని అన్నానా?" ఆవిడ పిట్టగోడ వైపు చూసింది. "కొత్త బండయితే ఇక్కడ ఆగుతుందా?"

ఇరవై నాలుగేళ్ళ ఆదివారాలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇంతలో హ్యాండు బ్రేకు కిర్రుమంది, నిదానం ముందుకు కదలబోయింది. ఈసారి దూకింది నేను. రాయి తీసి ముందు చక్రం కింద పెట్టాను.

ఇద్దరం పిట్టగోడ మీద కూర్చున్నాం.

"అన్నీ దింపావుగా, ఈ రాయొక్కటీ ఎందుకుంచావు?"

"ఎందుకైనా మంచిదని," అంది.

నత్తను కూడా పీకేస్తానన్నాను. వద్దంది. మొదటి మలుపులో దాని ఈల వినబడగానే అత్తగారు పొయ్యి వెలిగిస్తున్నారిప్పుడు. బట్టలు మాత్రం ఇప్పటికీ నేనే ఉతుకుతున్నాను. మెషీను కన్నా నా చేతిలో మురికి బాగా వదులుతోందట. ఆదివారం ఆదివారం రెండో మలుపులో బండి ఆపుతున్నాం. "మళ్ళీ ఆగిందా బావా?" అని బావమరిది పై నుంచి అరుస్తాడు. టీ మరగాలి కదా అని నేను వాడికి చెప్పను. రాయి తీసుకుని దిగుతాను.