ఒక్క వార్డు, అయిదుగురు డాక్టర్లు

ఎమర్జెన్సీ డాక్టరు ఎమర్జెన్సీ వార్డులోనే పడి ఉండాలన్న పాతకాలపు ఆలోచన నుంచి సెర్బియాకు విముక్తి కలిగించినట్టు ఆరోగ్యశాఖ మంత్రి ద్రాగోల్యుబ్ గారు ప్రకటించారు. "చురుకైన బుర్ర, వణకని చెయ్యి! అలాంటి మనిషిని ఒక వార్డులో కట్టిపడేయడం దేశానికే నష్టం" అన్నారు. పథకం పేరు 'గడప దాటుదాం'. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మొరావా నది ఒడ్డునున్న ఒక చిన్న పట్టణపు ఆస్పత్రిలో పథకం దివ్యంగా పనిచేసింది. ఒక డాక్టరు విహారనౌక ఎక్కాడు. ఒకావిడ బీమా కంపెనీలో చేరి, విరిగిన కాళ్లు నిజంగానే విరిగాయా అని ఫొటోలు చూసి తేలుస్తోంది. ఇంకొకాయన సినిమా షూటింగుల్లో ఉత్తుత్తి గాయాలకు సలహాదారు. అందరికన్నా పైకెళ్లినవాడు మీసాల ఓగ్నెన్. మంత్రిగారి కాన్వాయ్‌కి డాక్టరు, అందులో ఆఖరి కారు అతనిదే.

గడప దాటనిది డాక్టర్ యసెంకా ఒక్కతే. ఆమె కూడా దాటితే తలుపు వేసే దిక్కుండదు. ఇంకొక్క డాక్టరును ఇవ్వండని ఏడాదిగా అడుగుతోంది. పైఆఫీసు వాళ్లు ఓపిగ్గా, "ఆలోచన విశాలం చేసుకోండమ్మా" అని చెబుతున్నారు. చివరికి మంత్రిగారే వచ్చి, వార్డు కళ్లారా చూసి నిర్ణయిస్తామన్నారు. ఆయన వచ్చే రోజే యసెంకా వాళ్ల స్లావా, ఇంటి పునీతుడి పండుగ.

స్లావాకి ఎవర్నీ పిలవరు, వచ్చినవాళ్లను పొమ్మనరు.

"ఇవాళన్నా ఇంటికొస్తావా, లేదా?" ఫోన్లో అత్తగారు స్తమేనియా.

"వార్డులో నేనొక్కదాన్నే అత్తయ్యా. పైగా మంత్రి వస్తున్నాడు."

"వచ్చినవాళ్లకి గోడల్ని చూపించనా? ఉండు, పండుగనే అక్కడికి తెస్తా."

అన్నంత పనీ చేసింది. తీపి గోధుమల గిన్నె, పండుగ రొట్టె, కూర పెట్టి చుట్టిన క్యాబేజీ ఆకుల పులుసు కుండ వార్డులోకి వచ్చేశాయి, వాటి వెంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ వచ్చేశారు. ఆక్సిజన్ సిలిండరుకు దూరంగా, చేతులు కడిగే సింకు పక్కన యసెంకా కొవ్వొత్తి వెలిగించింది.

ఆమె స్లావా అంటే పాత స్నేహితులు ఎక్కడున్నా వస్తారు. వచ్చారు, గడప దాటిన ఆ నలుగురు డాక్టర్లూ. ఓగ్నెన్ అయితే ఆఖరి కారును అడ్డదారి పట్టించి మరీ ముందే దిగాడు.

"పండుగ బట్టలమీద పులుసు ఒలికితే నన్ను తిట్టుకుంటారు" అంటూ స్తమేనియా కొక్కేలకు వేలాడుతున్న వాళ్ల పాత తెల్లకోట్లు తీసి తలా ఒకటి తొడిగించింది.

అప్పుడే మంత్రిగారు కెమెరాలతో దయచేశారు. స్తమేనియా అందించిన గోధుమలు ఒక చెంచా తిని, గది నలుమూలలా చూసి, కెమెరా వైపు తిరిగారు.

"డాక్టర్లు లేరన్నదెవరు? నా కళ్లముందే అయిదుగురు!"

"సార్, వీళ్లు అతిథులు" అంది యసెంకా.

"చూశారా వినయం! రోగుల సంగతి సరే, ఈవిడకు తోటి డాక్టర్లు కూడా అతిథులే!"

ఓగ్నెన్ గొంతు సవరించుకున్నాడు. "సార్, నేను మీ కాన్వాయ్ డాక్టర్ని."

"మంచి ఆశయం బాబూ. దరఖాస్తు పెట్టుకో" అని మంత్రిగారు భుజం తట్టారు.

"అయ్యా, ఒక్క డాక్టరు..." అని యసెంకా మళ్లీ మొదలుపెట్టింది.

"అయిదుగురున్నచోట ఆరో మనిషా? అత్యాశమ్మా" అని మందలించి, ఇంకో చెంచా తిని, ఆయన వెళ్లిపోయారు.

బయట కాన్వాయ్ హారన్ మోగింది. ఓగ్నెన్ నోట్లో రొట్టెతోనే పరుగెత్తాడు. ఒకరికి నౌక, ఒకరికి బీమా, ఒకరికి షూటింగు. చుట్టుపక్కలవాళ్లు కూడా లేచారు. స్తమేనియా ఖాళీ కుండ ఎత్తుకుని, కోడలి చెంప నిమిరి వెళ్లిపోయింది.

సాయంత్రం వార్తల సమయానికి బయట బెంచీలు నిండిపోయాయి. గోడమీది టీవీలో మంత్రిగారు అయిదు తెల్లకోట్ల మధ్య వెలిగిపోతున్నారు. అక్రోటు చెట్టుమీంచి పడి మణికట్టు వాచిన ఓ ముసలాయన టీవీని చూశాడు, పట్టీ పట్టుకొచ్చిన యసెంకాను చూశాడు, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వొద్దులే తల్లీ, బాగా అలిసిపోయావు. ఆ మీసాలాయన తీరిగ్గా తింటున్నాడుగా, ఆయన్ని పంపు."