సంచిలో కత్తిపీట

ఆ పొద్దున అమీర్‌పేట మీద మబ్బు గొంగడి కప్పినట్టు ముసురుకుందే గాని చినుకు రాల్చలేదు. సారయ్య సంగతీ అంతే. రాత్రంతా కూతురి గది గుమ్మం దాకా వెళ్లి వచ్చాడే గాని, తలుపు తట్టలేదు.

ముందురోజు టీవీలో ఒక పెద్దమనిషి, ఫోనులో కాల్పుల ఆటలాడే పిల్లలు ఏదో ఒకనాడు ఇంట్లోవాళ్ల మీదే కత్తి దూస్తారని బల్లగుద్ది చెప్పాడు. సరిగ్గా అప్పుడే పక్కగదిలో కూతురు సంగీత, మొన్ననే పద్దెనిమిది నిండిన పిల్ల, "ఏసెయ్, ఒక్కణ్ణి సుత ఇడువకు" అని ఫోనులో ఆట ఆడుతూ ఎవరికో పురమాయిస్తోంది.

సారయ్య పంజాగుట్టలో ఒక మాల్ గేటు దగ్గర జనం సంచులు తనిఖీ చేస్తాడు. దొరికిన కత్తులూ అగ్గిపెట్టెలూ వేయడానికి అక్కడ ఇనుపపెట్టె ఉంది. లోకంలో అంతకంటే భద్రమైన చోటు ఆయనకు తెలియదు. భార్య చిలకమ్మ నీళ్లు పట్టుకొచ్చేలోగా కూరగాయల కత్తి, కత్తెర, చివరకు కత్తిపీట కూడా సంచిలో చేరాయి. బోనాలకు యాటను కోసే కత్తిని విడిగా పాత లుంగీలో చుట్టాడు. కత్తులతో బస్సులో తోసుకోవడం ప్రమాదమని ఆ రోజుకు మెట్రో ఎక్కబోయాడు. పదకొండేళ్లుగా పరాయి సంచులు వెతికిన మనిషికి, తన సంచీ ఎవరో వెతుకుతారన్నది తట్టలేదు.

మెట్రోలో తనిఖీకి నిలబడ్డ హనుమాండ్లు సారయ్య యూనిఫాం చూసి మెల్లగానే అడిగాడు, ఇవన్నీ ఏందన్నా అని.

"మా బిడ్డ పొడుస్తదని తెచ్చిన తమ్మీ."

ఉన్నమాటే కొంప ముంచింది. వరుసలో నాలుగో మనిషికి చేరేసరికి ఆ బిడ్డ అప్పటికే ఒకణ్ణి పొడిచింది. పదో మనిషికి అది ముఠా అయింది. ఇది అమ్మవారి కత్తేనని చూపించడానికి సారయ్య లుంగీ విప్పాడు. అంతే, జనం జొన్నచేలో పిట్టల్లా లేచిపోయారు. పారిపోతూనే వీడియో తీశారు.

సారయ్యను ఎక్కించుకున్న పోలీసు జీపు ఠాణాకు చేరేలోగా ఆ వీడియో టీవీకెక్కింది. నిన్నటి పెద్దమనిషే వచ్చి, ఈయన చిన్నప్పుడు ఎలాంటి ఆటలాడాడో చూడాలన్నాడు. సారయ్య ఆడింది గోలీలు. మాల్ సూపర్‌వైజర్ రామ్మోహనరావు ఫోన్ చేసి, కేసు రాస్తే రేపట్నుంచి రావద్దని మర్యాదగా చెప్పాడు.

సంగీత ఠాణాకు వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. ఏ కత్తితో ఏ కూర తరుగుతారో ఎస్సై మంజూషకు వరుసగా చెప్పింది.

"మేడం, నేను రోజుకు గంట ఆడుత. మా నాయిన అయిదు గంటలు టీవీ సూస్తడు. ఎవరి ఫికర్ జేయాల్నో మీరే చెప్పుండ్రి."

మంజూష కేసు కాగితం పక్కకు తోసి, తండ్రిని జాగ్రత్తగా చూసుకుంటానని కూతురి చేత సంతకం పెట్టించుకుంది. కత్తులకు మర్నాడు రమ్మంది.

ఇంట్లో టీవీ తీగ ఊడబీకి ఉంది. తరగడానికేమీ లేక చిలకమ్మ ఆలుగడ్డలు గడ్డల్లాగే ఉడకబెట్టి, పప్పన్నం వడ్డించింది. ముగ్గురూ కూర్చున్నారు. సంగీత ఉల్లిగడ్డను బండమీద పెట్టి ఒక్క గుద్దుతో పగలగొట్టి, పెద్ద ముక్క తండ్రికిచ్చింది.

సారయ్య అది అందుకుని, కంచంతో సహా జానెడు దూరం జరిగి కూర్చున్నాడు.