భోజనాల నాటిక మీద నాలుగు అభిప్రాయాలు

పులులు కూడా దారి తప్పేంత పెద్ద అడవి ఒకటుండేది. అక్కడ నీళ్ళకు కరువు లేదు, తిండికి కరువు లేదు, అభిప్రాయాలకైతే అసలే లేదు.

ఆ అడవిలో కంటకయ్య అనే ముళ్ళపంది వారం వారం ఒక హాస్యనాటిక వేసేవాడు. ఒంటినిండా ముళ్ళున్నవాడి పక్కన మామూలుగా ఎవరు కూర్చుంటారు? నాటిక రోజు మాత్రం అడవంతా వచ్చి అతని ఎదుట కూర్చునేది. అందుకే ఆ వేదిక అంటే అతనికి ప్రాణం.

ఆ వారం నాటికలో నలుగురు స్నేహితులు హోటల్‌కి వెళ్ళారు. ఒకడు "నాకేం వద్దు, ఆకలి లేదు" అంటూనే అందరి విస్తళ్ళలోనూ చెయ్యి పెట్టాడు. ఒకతె తను చెప్పిన ఆర్డర్‌నే మూడుసార్లు మార్చింది. ఇంకొకడు పక్కవాడి విస్తరిలోదే బాగుందని సణిగాడు. నాలుగోవాడు "అసలు ఇక్కడికి రమ్మన్నదెవరు?" అని మొదటి నుంచి చివరిదాకా అదే పాట పాడాడు. ప్రేక్షకులు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

నవ్వడం అయ్యాక అందరికీ గుర్తొచ్చింది, అభిప్రాయం చెప్పకుండా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదన్నది ఆ అడవి ఆచారమని.

ముందు కోతి లేచింది, ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే. "ఆకలి లేదని చెప్పి అందరిదీ తినేవాడు ఎవరో మాకు తెలియదనుకున్నారా? మా జాతి మనసు గాయపడింది!"

"ఆర్డర్లు మార్చేది ఆడదే ఎందుకవ్వాలి?" అని నెమలి నిలదీసింది. పక్కనే ఉన్న మగనెమలి ఇంటికి వెళ్ళాలని చూస్తోంది గానీ దాన్ని ఎవరూ అడగలేదు.

"స్నేహితులన్నవాళ్ళు పోట్లాడుకుంటారా? పిల్లలేం నేర్చుకోవాలి?" అంది అడవిదున్న. దాని పిల్లలు అప్పటికే "రమ్మన్నదెవరు" అని ఒకరినొకరు కుమ్ముకుంటున్నారు.

నాటిక అయిపోయాక వచ్చిన తాబేలు గొంతు సవరించుకుంది. "నేను నాటిక చూడలేదు. అందుకే నిష్పక్షపాతంగా చెప్పగలను" అని అరగంట మాట్లాడింది. అందరికంటే దానికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

కంటకయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ప్రేక్షక సంఘం అధ్యక్షులు ఏనుగుగారు తనవంకే చూస్తున్నారని గబగబా అణుచుకున్నాడు.

"చూడు కంటకయ్యా, వచ్చే వారానికి లోపాలన్నీ సరిదిద్దాలి. లేకపోతే వేదిక నా ఉపన్యాసాలకు కావాలి" అన్నారు ఏనుగుగారు.

పాపం, కంటకయ్య వారమంతా కూర్చుని సరిదిద్దాడు. కొత్త నాటికలో నలుగురూ వచ్చారు, నమస్కారాలు పెట్టుకున్నారు, పెట్టింది తిన్నారు, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. సగంలోనే ముందు వరుసంతా గుర్రు పెట్టింది.

"ఇంత సభ్యమైన నాటిక నేను చూడలేదు" అని ఏనుగుగారు ఆవులించి, "ఇక వేదిక ఖాళీ చెయ్యి" అన్నారు.

కంటకయ్యకు ఏడుపొచ్చింది. "అయ్యా, స్నేహితులు పోట్లాడుకోకుండా ఎలా తింటారో నాకు తెలియడం లేదు. తప్పు చెప్పిన పెద్దలే ఒక్కసారి చేసి చూపిస్తే నేర్చుకుంటాను" అని చేతులు జోడించాడు.

"ఓస్, అదెంత పని!" అంటూ నలుగురూ వేదికెక్కేశారు. కంటకయ్య విస్తళ్ళు వేసి వడ్డనకు నిలబడ్డాడు.

"నాకేం వద్దులే, ఇప్పుడే తినొచ్చాను" అంది కోతి.

"నాకు చింతచిగురు పప్పు. ఉండు, పాయసం. కాదులే, ముందు చెప్పిందే తే" అంది నెమలి.

అడవిదున్న తన విస్తరి వాసన చూసి, నెమలి విస్తరి వాసన చూసి, "దానికి మాత్రం గరిటెడు ఎక్కువ వేశావేం?" అని కొమ్ములు దించింది. అంతలో కోతి చెయ్యి దున్న పాయసంలో పడింది.

"చెయ్యి తియ్యవే దొంగముఖందానా!" అని దున్న రంకె వేసింది.

"రుచి చూస్తున్నానంతే! పరిశీలన కోసం!"

"అసలు నన్నిక్కడికి రమ్మన్నదెవరు?" అని తాబేలు విస్తరి కింద నుంచి అరిచింది. అడవిదున్న దాని మీద కాలు వేసింది.

అడవి ఒక్కసారిగా పకపకలాడింది. ముందు వరుస నిద్ర లేచి కిందపడి దొర్లింది. ఏనుగుగారు నవ్వాపుకోలేక తొండంతో మొహం కప్పుకున్నారు.

"అద్భుతం! వారం వారం ఇదే వెయ్యాలి!" అని అందరూ కేకలు పెట్టారు. మొదటి నాటికలో తప్పులు పట్టిన నలుగురికీ ఇందులో తాము కనిపించనే లేదు. కోతికి నెమలిని చూస్తే నవ్వొచ్చింది, నెమలికి దున్నను చూస్తే నవ్వొచ్చింది.

వేదిక ఏనుగుగారి ఉపన్యాసాల పాలు కాకుండా నాటికకే మిగిలింది. దాని మీద కంటకయ్యకు మాత్రం చోటు లేకపోయింది. "మాటలన్నీ మా సొంతం. నువ్వు రాసిందేముంది, వడ్డించావంతే" అన్నారు నలుగురూ, వేదిక ముందు తమ పేర్లు పెద్దగా వేయించుకుంటూ.

కంటకయ్య ఆ తర్వాత అటువైపు వెళ్ళలేదు. ఒక రోజు దారినపోతుంటే జనం ఆపి, ఆచారం ప్రకారం, నాటిక ఎలా ఉందని అడిగారు.

అతను ముళ్ళు సర్దుకున్నాడు. "నేను చూడలేదు" అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడాడు. ఏనుగుగారు అక్కడికక్కడే దండ తెప్పించి, ముళ్ళని కూడా లెక్కచెయ్యకుండా మెడలో వేశారు. ఆ సాయంత్రం మొదటిసారి అతని పక్కన ఇద్దరు వచ్చి కూర్చున్నారు.

ఇందులోంచి ఆ అడవి పిల్లలు నేర్చుకున్నది ఒక్కటే: గౌరవం కావాలంటే నాటిక రాయొద్దు, చూడనూ వద్దు, అభిప్రాయం చెప్పడం మాత్రం మానొద్దు.