గ్రేసమ్మ పాట తిరిగొచ్చిన సాయంత్రం

లాలాగూడ ఎలీషా తన భార్య గ్రేసమ్మ కోసం కట్టిన పాట 1957లో మద్రాసు వెళ్ళి ఒక రికార్డులో స్థిరపడింది. ఆ తర్వాత శాక్సఫోన్‌లో ఆ పాట ఎన్నిసార్లు ఊదినా గాలి తప్ప ఏమీ రాలేదు. ఇందులో వింతేమీ లేదు. ఒక పాట ఒకేసారి రెండు చోట్ల ఉండరాదన్నది రికార్డు కంపెనీ నిబంధన. రికార్డు చేసిన పాట వాద్యంలోంచి శాశ్వతంగా బదిలీ అయిపోతుంది. అందుకే వాయిద్యగాళ్ళు ఒకటో రెండో పాటలు ఇంటికని దాచుకునేవాళ్ళు.

ఎలీషా పగలు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, శనివారాలు సికింద్రాబాదులో ఒక క్లబ్బులో కూల్ జాజ్ వాయించేవాడు. జాజ్ అంటే మెడనరాలు ఉబ్బేట్టు ఊదడమే అనుకునే రోజులవి. అమెరికా నుంచి వచ్చిన కొత్త రికార్డులు విని, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు మెత్తగా, నింపాదిగా వాయించడం ఆయన నేర్చుకున్నాడు. సాయంత్రాలు గ్రేసమ్మ గడపలో బియ్యం ఏరుతుంటే ఆమె పాట వాయించేవాడు. దానికి వేరే పేరేమీ లేదు.

క్లబ్బు బృందంతో రికార్డింగుకు వెళ్ళిన మద్రాసు స్టూడియోలో అనుకున్న పాటలన్నీ అయిపోయాయి. మేనేజరు అద్దం వెనకనుంచి బయటికొచ్చాడు.

“ఇంకో మూడు నిమిషాలు జాగా ఉంది మాస్టారూ. ఖాళీగా వదిలేస్తే పైవాళ్ళు ఒప్పుకోరు.”

మిగతావాళ్ళ దగ్గర ఇంక ఇవ్వడానికేమీ లేదు. అందరూ ఎలీషా వైపు చూశారు. దేశమంతా గ్రేసమ్మ పాట వింటుందన్న ఆలోచన ఆ క్షణంలో ఆయనకు చాలా గొప్పగా తోచింది. వాయించాడు. మొత్తం రికార్డులో అదే బాగా వచ్చిందని మేనేజరు చెయ్యి కలిపాడు.

ఇంటికొచ్చాక గ్రేసమ్మ అడిగింది. “ఏదీ, నా పాట వాయించు జర.”

ఊదాడు. గాలి వచ్చింది. ఆమెకు అర్థమైంది.

“ఇచ్చేసి వచ్చినవా?”

“రికార్డులో జాగా మిగిలింది గ్రేసూ.”

ఆమె కొట్లాడలేదు. చేట పట్టుకుని లోపలికెళ్ళింది. అప్పట్నుంచి బియ్యం వంటింట్లోనే ఏరుకునేది. ఎప్పుడైనా ఇద్దరూ ఇరానీ హోటలుకెళ్ళి, చాయ్ చెప్పి, గల్లాపెట్టె దగ్గరాయన్ని బతిమాలి ఆ రికార్డు పెట్టించుకునేవాళ్ళు. చెంచాల చప్పుళ్ళ మధ్య ఆమె పాట వచ్చి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు హోటలువాళ్ళు సినిమా పాటలకు మారారు.

ఎలీషా రిటైరయ్యాక కంపెనీ ఒక సదుపాయం ప్రకటించింది. వృద్ధ కళాకారులు తమ పాటను ఒక్క సాయంత్రానికి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆయన మద్రాసు వెళ్ళి కలిస్తే అక్కడి అధికారి మర్యాదగా కూర్చోబెట్టాడు.

“ఆ పూట దేశంలో ఉన్న కాపీలన్నీ మూగబోతాయండీ.”

“ఎవరికైనా ఇబ్బందేమో?”

“అబ్బే, ఎవరూ వినడం లేదు లెండి.”

చెప్పిన రోజున పాట వచ్చింది. శాక్సఫోన్ కాస్త బరువెక్కడంతో ఎలీషాకు తెలిసింది. గ్రేసమ్మ ఉతికిన చీర కట్టుకుని గడపలో కూర్చుంది. ఆయన నోట పెట్టుకోగానే పాట తనంతట తానే మొదలైంది. అది వయసులో ఉన్న ఊపిరి. ఈయన ఆయాసంతో దానికి పని లేదు. వేళ్ళు మాత్రం దాని వెంట పరుగెత్తాయి. ఒక్క స్వరం తప్పలేదు.

పాట అయిపోయింది.

“మంచిగుంది,” అంది గ్రేసమ్మ. “గానీ ఇది నా పాట కాదు.”

“అదే గ్రేసూ. అచ్చం అదే.”

“నువ్వు వాయిస్తా వాయిస్తా నడుమల నా దిక్కు చూసేటోడివి. చూసి ఆగేటోడివి. నేను నవ్వినంక మళ్ళ ఎత్తుకునేటోడివి. దీంట్ల యాడా ఆగలే. గడియారం దిక్కు చూసుకుంట వాయించినవ్.”

స్టూడియో గోడకు నిజంగానే గడియారం ఉంది. ఆగడాన్ని ఎలీషా మద్రాసు తీసుకెళ్ళలేదు, ఎవరూ అడగనూ లేదు. అది ఏ రికార్డులోనూ లేదు కాబట్టి దాన్ని వెనక్కిమ్మని ఏ ఆఫీసులో అడగాలో కూడా తెలియదు.

“ఇంకా టైముంది. మళ్ళీ వాయించనా?”

“వద్దు తియ్. పంపించెయ్. యాడనో ఎవరన్న వింటరేమో.”

ఆయన పాటను పంపించేసి, వాద్యం ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఎంతసేపు ఆగేవాణ్ణి?”

గ్రేసమ్మ కళ్ళు మూసుకుంది. నవ్వడానికి ప్రయత్నించింది. పాటలో ఎక్కడ ఆ నవ్వు మొదలుపెట్టాలో ఆమెకూ గుర్తు రాలేదు.