చెరువు విడిచిన కొంగలు

"ఇయ్యాల పెద్దసారుకు ఒక్క కొంగన్న కనవడకపోతె నీ నౌకరి పోతది కొడుకా. యాడున్నయో తెలిస్తె మీ నాయిన జైలుకు పోతడు," అంది కొండమ్మ, పరమేశ్ ఇంకా యూనిఫాం గుండీలు పెట్టుకోకముందే.

"పొద్దుగాలనే మొదలువెట్టినవా అమ్మా?"

కొండమ్మ భయాలు ఏ దారిన బయల్దేరినా పోలీసు ఠాణాకే చేరతాయి. ఈసారి మాత్రం కారణముంది. వికారాబాద్ శివారు చెరువును నెల కిందట పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. పక్షుల ప్రశాంతతకు భంగమని మొట్టమొదట బర్రెలను నిషేధించారు. కాపలాదారుగా చేరిన పరమేశ్ మొదటిరోజే కన్నతండ్రి ఈరయ్య బర్రెలను బయటికి తోలి, విధి నిర్వహణలో మంచి పేరు తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి ఈరయ్య ఎవరితోనూ మాట్లాడలేదు.

బర్రెలు నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగులే తెల్లకొంగలకు తిండి. ఆ కొంగలు కూడా, ఏ ఉత్తర్వూ అందకుండానే, బర్రెల వెంట ఈరయ్య చేనుకు వచ్చేశాయి. సర్కారు పక్షులు తమ చేనులో ఉంటే దొంగతనమేనని కొండమ్మ తేల్చుకుంది. "జర నోరు తెరవకు," అని, మాట్లాడని మొగుడికి రోజూ గుర్తుచేసింది.

ఆ రోజు కేంద్రం ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కుర్చీలు నిండటానికి ఊరందరినీ పిలిచారు. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డును బ్యాండుమేళంతో ఆవిష్కరించారు. పక్షులకు స్వాగతంగా పదివేల టపాకాయల సరం కాల్చారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రకృతి ప్రేమికులు బిర్యానీ తిని, ప్లేట్లను ప్రకృతికే అప్పగించారు.

అటవీశాఖ పెద్దసారు మైకు అందుకున్నారు. "మూగజీవాల మనసు మాకు తెలుసు. వాటికేం కావాలో అవి అడక్కముందే ఇచ్చాం," అని నలభై నిమిషాలు సెలవిచ్చి, బైనాక్యులర్ కళ్లకు పెట్టుకున్నారు. చెరువంతా గాలించారు. గేటు మీది సిమెంటు కొంగ తప్ప మరేదీ హాజరు కాలేదు.

"పక్షులేవి? కాపలా ఎవడు? వాణ్ని తీసెయ్యండి."

పరమేశ్ తన బూట్లు చూసుకున్నాడు. కొండమ్మ ఒక చేత్తో చెంగు నోట్లో కుక్కుకుని, రెండో చేత్తో మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈరయ్య మెల్లగా విడిపించుకుని లేచాడు. నెల రోజులుగా వాడని గొంతు సవరించుకున్నాడు.

"మా చేన్ల ఉన్నయి సారూ. బర్లను ఎల్లగొడితె ఎంబడే వచ్చినయి. పోరని తప్పేం లేదు. సూస్తమంటె రాండ్రి. జర మైకు ఈడనే పెట్టి రాండ్రి."